నల్ల కాడ అన్న మాట

గోదావరిఖని
15 ఏప్రిల్ 1969

అనసూర్యక్కకు,

ముందుగా మేమిద్దరం బతికే ఉన్నామని రాస్తున్నాను, మిగతా సంగతులు తర్వాత. పేపర్లో చూసి నువ్వు ఎంత ఫికరు పడుతున్నావో నాకు తెలుసు.

ఆదివారం నాడు రాత్రి తొమ్మిది కావస్తుండగా నేను అన్నం వడ్డించుకుని కూర్చున్నాను. ఆదివారమైనా నీ మరిదికి డ్యూటీ పడింది. బొగ్గు బాయిలో నీళ్ళు తోడే పంపుకు పండగా లేదు, సెలవూ లేదు కదా. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. బొగ్గు లారీ పోతోందనుకున్నాను. ఆ చప్పుడు ఆగలేదు. కంచంలో పులుసు అటూ ఇటూ ఊగింది. ఎదురింటి కనకవ్వ "ఇండ్లు కూల్తున్నయ్, బయటికి రాండ్రి!" అని ఒకటే కేక. నేను ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి ఉరికాను.

మా లైనులో ఆరు ఇళ్ళ వాళ్ళం బయట నిలబడ్డాం. ఆ భయంలోనూ ఒకటి చూసి నవ్వొచ్చింది. మా పక్కింటి కుతుబుద్దీన్ లేడూ, చౌరస్తాలో రేడియోలు బాగుచేసే ఆయన, రెండు చేతుల్లో పెద్ద రేడియో ఎత్తుకుని బయటికొచ్చాడు. వెనక వాళ్ళావిడ మహబూబీ ఉత్త చేతులతో వచ్చింది. "సూడుండ్రి, నాకన్న రేడియోనే ముద్దు ఈనెకు," అని ఆమే అంది. అందరం నవ్వాం.

ఆ తర్వాత నాకు నవ్వు రాలేదక్కా. ఈయన భూమి కింద ఉన్నాడు. మహబూబీ నా చెయ్యి పట్టుకుని బాయి దాకా వచ్చింది. అక్కడ నాలాంటి ఆడవాళ్ళు ఇరవై మంది ఉన్నారు. షిఫ్టు దిగి పైకొచ్చి నీ మరిది ఏమన్నాడో తెలుసా? "ఏమైంది, గిట్లొచ్చిన్రు? మాకేం తెల్వలే. నీళ్ళు జర ఊగినయ్, గంతే." మేం పైన చస్తుంటే కింద వాళ్ళకు తెలియనే లేదట!

అక్కడ మీ సంగతేమిటి? బావ ప్రెస్సు గోడలు పాతవి. జల్ది రాయి.

నీ చెల్లె
సారలమ్మ


హైదరాబాద్, గౌలిగూడ
2 మే 1969

సారలూ,

నీ ఉత్తరం పన్నెండు రోజులకు అందింది. ఊళ్ళో గొడవలు, బందులు. బడి తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. నాలుగో తరగతి పిల్లలకు ఎక్కాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. బావకు ప్రెస్సులో పని ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇంట్లో కూర్చుంటే ఆయనకు నా వంటలో లోపాలు కనిపిస్తున్నాయి.

భూకంపం ఇక్కడా వచ్చింది. మా మేడ మెట్ల దగ్గర గోడ చీలింది, వేలు పట్టేంత. వీధి వీధంతా రోడ్డు మీదే. కొందరు వారం రోజులు మైదానాల్లో చాపలు పరుచుకుని పడుకున్నారు. మా ఇంటి యజమాని మాత్రం ఆ చీలిక పాతదేనని, మేం అద్దెకు రాకముందే ఉందని వాదిస్తున్నాడు. కింది వాటా వాళ్ళు పై వాటా వాళ్ళే రుబ్బురోలు దొర్లించి గోడ పాడుచేశారని అంటున్నారు. భూమి కదిలితే మనుషులు ఒకరినొకరు అనుమానించుకోవడం ఏమిటో!

మా మెట్ల కింద గదిలో రిటైరైన ఓవర్సీరు గారు ఒకాయన ఉన్నారు. చీలిక కొలిచి చూసి, "ఏడాది తిరిగేసరికి అదే తేదీకి మళ్ళీ వస్తుందమ్మా, ఈసారి ఇంకా గట్టిగా వస్తుంది," అన్నారు. భూమికి కూడా కాలెండరు ఉంటుందా అని నేను నవ్వాను. ఆయనకు కోపం వచ్చింది. మా సైన్సు టీచరును అడిగితే, చిన్న చిన్న కదలికలు ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు గానీ తేదీ చెప్పగల మొనగాడు లోకంలో లేడంది. కాబట్టి నువ్వు భయపడకు, కడుపునిండా తిను.

మహబూబీ అంత మంచి మనిషి పక్కన ఉన్నందుకు నాకు నిశ్చింత. ఈసారి వచ్చినప్పుడు ఆమెకు గాజులు తెస్తాను, కొలత పంపు.

ఆశీస్సులతో
అనసూర్య


గోదావరిఖని
10 జూన్ 1969

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇల్లు సభ అయింది. ఈ లైనులో చదవడం వచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే కదా. పట్నం నుంచి ఉత్తరమంటే ఎవరిదైనా అందరూ వచ్చి కూర్చుంటారు. మహబూబీ మాత్రం పుట్టింటికి మంచిర్యాల పోయింది.

నేను గట్టిగా చదివాను. ఓవర్సీరు అన్న మాట దగ్గరికి రాగానే కనకవ్వ, "ఆగు, ఆగు. గదొక్కటి మల్ల సదువు," అంది. మళ్ళీ చదివాను. "ఏడాదికి మల్లొస్తదట, ఇన్నవా?" అని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఇంతలో వాన పట్టింది. ఆరేసిన బట్టలకని అందరూ లేచి ఉరికారు. మిగతాది నేనొక్కదాన్నే చదువుకున్నాను. నీ కాలెండరు మాటకు నాకూ నవ్వొచ్చింది.

ఇంటి ఓనరు లింగమూర్తి సేటు వచ్చి గోడలు తట్టి చూసి పోయాడు. కంపెనీ క్వార్టరుకు మా పేరు ఇంకా రాలేదు. మహబూబీ నిన్ననే తిరిగొచ్చింది, ఆమె గాజుల కొలత దారంతో తీసి ఇందులో పెట్టాను.

సారలమ్మ


గోదావరిఖని
18 జనవరి 1970

అక్కా,

నెల నుంచి ఉత్తరం రాయలేదని కోపం తెచ్చుకోకు. మనసు బాగాలేదు. నువ్వు చదువుకున్నదానివి, నాకొక సంగతి నిజం చెప్పు.

వచ్చే ఏప్రిల్ పదమూడున భూమి మళ్ళీ కదులుతుందట. పోయిన ఏడాదిలా ఊగి ఊరుకోదట, ఇళ్ళన్నీ పడిపోతాయట. ఇది ఒకరు కాదు, ఊరంతా అంటున్న మాట. నీళ్ళు పట్టుకునే నల్ల కాడ అదే, అంగట్లో అదే. నీ మరిదితో పనిచేసే పోశం, "పట్నంల ఒక పెద్ద ఇంజనీరు లెక్కలు కట్టి చెప్పిండట. సర్కారు దాచిపెడ్తున్నది," అన్నాడు. మరి ఎట్లా బయటపడిందని నేనడిగాను. "రేడియోల వచ్చింది. మామూలు టేషన్ల గాదు, దూరపు టేషన్ల," అన్నాడు.

దూరపు స్టేషన్లు పట్టే రేడియో ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరుందక్కా? మా గోడ అవతలే ఉంది. పొద్దుగూకితే మధ్య గోడకున్న చిన్న కిటికీలోంచి గురగురమని ఏవో భాషలు వినిపిస్తాయి. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ చప్పుడు వినిపిస్తే చెవి గోడకు ఆనించాలనిపిస్తుంది. నిన్న కనకవ్వ ఇంకొకటి జ్ఞాపకం చేసింది. ఆ రోజు అందరం ఎక్కడివక్కడ వదిలేసి ఉరికితే, కుతుబుద్దీన్ రేడియో తీగలన్నీ చక్కగా చుట్టి ఎత్తుకొచ్చాడు. "ముందే ఎరికె లేకుంటె గట్లెట్ల తెస్తడు?" అంటుంది.

నేను మహబూబీని మెల్లగా అడిగాను, మీ ఆయన రేడియోలో ఏమైనా విన్నాడా అని. "ఆయన పాటలే ఇంటడు. గదంతా నాకు తెల్వదు," అని మాట మార్చింది. ఎందుకు మార్చినట్టు?

అక్కడ మీ ఓవర్సీర్లు, ఇంజనీర్లు ఏమంటున్నారో కనుక్కుని రాయి.

సారలమ్మ


హైదరాబాద్
6 ఫిబ్రవరి 1970

సారలూ,

నీ ఉత్తరం చదివి మొదట కొట్టిపారేశాను. బడిలో టీ తాగేటప్పుడు మాటవరసకు చెప్పాను, మా చెల్లెలి ఊళ్ళో ఇలా అనుకుంటున్నారని. ఎవరూ నవ్వలేదు. మా హెడ్‌మిస్ట్రెస్ గారు కప్పు కింద పెట్టి, "బొగ్గు బావుల వాళ్ళకు భూమి లోపలి సంగతి మనకంటే ముందే తెలుస్తుంది. మీ చెల్లెలు ఊరికే రాస్తుందా?" అన్నారు. అప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది. మేమంతా పైన తిరిగేవాళ్ళం. మా మరిది రోజూ దాని కడుపులోకి దిగి వస్తున్నాడు. మీ వాళ్ళు అంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది.

వారం తిరక్కుండా మా వీధిలోనూ అదే మాట. గోదావరిఖనిలో గనుల వాళ్ళు కనిపెట్టారని పాలవాడు నాకే చెప్పాడు! మా ఇంటి యజమాని ఏప్రిల్‌లో కూతురి దగ్గరికి నాగపూరు పోతానంటున్నాడు. చీలిక సంగతి ఆయనకు ముందే తెలుసు కాబట్టే పారిపోతున్నాడని కింది వాటా వాళ్ళ గుసగుస. బావ మాత్రం, "పేపర్లో అచ్చయ్యే దాకా ఏదీ నిజం కాదు," అంటారు. ఆయనది ప్రెస్సు బుద్ధి.

ఆ రేడియో ఆయన సంగతి నాకు నచ్చలేదు. తెలిసినది దాచుకునేవాళ్ళు ఉంటారు. దాన్ని అడ్డం పెట్టుకుని జనాన్ని బెదిరించేవాళ్ళూ ఉంటారు. మహబూబీతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త. కనిపెట్టి ఉండు.

గాజులు కొని ఉంచాను, తర్వాత చూద్దాం.

అనసూర్య


గోదావరిఖని
4 మార్చి 1970

అక్కా,

హైదరాబాద్‌లో కూడా అదే అంటున్నారని నువ్వు రాశావు కదా, ఆ మాట నేను కనకవ్వకు చెప్పాను. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

పోయిన వారం మా లైనులో ఐదు ఇళ్ళ తలుపుల పక్కన సున్నంతో గీతలు, అంకెలు కనిపించాయి. ఎవరు గీశారో ఎవరూ చూడలేదు. కుతుబుద్దీన్ ఇంటికి మాత్రం గీత లేదు. పోశం అన్నాడు, "ఆ దినం అందరు ఇండ్లిడిసి మైదాన్ల పంటరు. ఖాళీ ఇండ్లల్ల ఎవడో జొరబడ్తడు. గందుకే ఈ గుర్తులు, గందుకే ఈ పుకారు." అందరూ అతని ముఖమే చూశారు. నిజమే అనిపించింది, అక్కా. నాకూ అనిపించింది.

మర్నాడు పొద్దున నల్ల కాడ కనకవ్వ, "గీ మాట ముందుగాల ఎవల నోట్లకెల్లి వచ్చిందో దొరుకుతలేదు," అంది. నేను ఊరికే అన్నాను, "ఇంకెవలు? మా పక్కింటి రేడియోలకెల్లే వచ్చింది. ఆమెను అడిగితె మాట మార్చింది," అని. నేనన్నది అంతే. ఆమె ఎవరికి చెప్పిందో, వాళ్ళు ఎవరికి చెప్పారో నాకు తెలియదు.

ఆ సాయంత్రం పోశంతో పాటు ఏడెనిమిది మంది చౌరస్తాకు పోయారు. నీ మరిది అప్పుడే డ్యూటీ దిగి వస్తూ అక్కడ నిలబడిపోయాడు. ఆయన చెప్పిందే రాస్తున్నాను. పోశం దుకాణంలోని రేడియోలన్నీ తెచ్చి రోడ్డు మీద వరసగా పెట్టించాడట.

"ఏ టేషన్ల విన్నవ్, గది పెట్టు. మేం గూడ ఇంటం."

"ఏ టేషన్ల వినలే అన్నా. నేను గూడ మీ లెక్కనే విన్న. లైన్ల అనుకుంటున్నరని నా పెండ్లాం చెప్పింది," అన్నాడట కుతుబుద్దీన్.

"లైనోళ్ళు నీ పేరు చెప్తరు, నువ్వు లైను పేరు చెప్తవ్!"

వెనక నుంచి ఎవరో ఒక రేడియోను కాలితో తన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మనిషి మీద చెయ్యి పడలేదట, అదొక్కటే. అవన్నీ ఊళ్ళో వాళ్ళు బాగు చేయమని ఇచ్చినవే అక్కా. వాటిలో పోశం బామ్మర్దిది కూడా ఉందట. కుతుబుద్దీన్ ముక్కలన్నీ దుప్పట్లో మూటగట్టుకున్నాడు. "నువ్వేం చేసినవ్?" అని నీ మరిదిని అడిగాను. "నిలవడ్డ," అన్నాడు. అన్నం తినలేదు.

మూడో రోజు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి మంచిర్యాల బండెక్కారు. మహబూబీ తాళంచెవి లింగమూర్తి సేటు చేతికిచ్చి, నా వైపు చూసింది. తర్వాత మూట నెత్తికెత్తుకుని నడిచింది.

వాళ్ళు తప్పు చేయకపోతే ఎందుకు పోతారు? నువ్వైనా చెప్పు.

సారలమ్మ


హైదరాబాద్
15 మార్చి 1970

సారలూ,

ఇది ఎవరికీ గట్టిగా చదివి వినిపించకు. ఒక్కదానివే చదువు.

నిన్న మెట్ల మీద ఓవర్సీరు గారు ఎదురయ్యారు. ముఖం వెలిగిపోతోంది. "చూశారామ్మా, నేను చెప్పినప్పుడు మీరు నవ్వారు. ఇప్పుడు గోదావరిఖనిలో గనుల వాళ్ళే ఒప్పుకుంటున్నారు. అదే తేదీ! నేను ఏ లెక్కా వేయలేదు, ఊరికే తోచింది చెప్పాను. అది వాళ్ళకెలా తెలిసిందో ఆశ్చర్యంగా ఉంది," అన్నారు.

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ మాట వాళ్ళకెలా తెలిసిందో నాకు తెలుసు. నేనే రాశాను. పోయిన ఏడాది మే నెల ఉత్తరం నీ దగ్గరుంటే తీసి చూడు. నేను నీకు రాసింది నువ్వు మీ వాళ్ళకు చదివావు. అది ఊరంతా తిరిగి, ఓవర్సీరు కాస్తా ఇంజనీరై, రేడియో ఎక్కి, మళ్ళీ నీ ఉత్తరంలో నా దగ్గరికే వచ్చింది. దాన్ని నేను బడిలో చెప్పాను. మా వీధి భయం చూసి నీకు రాశాను. నువ్వది కనకవ్వకు చెప్పావు. మనిద్దరం తప్ప ఇందులో ఇంకెవరూ లేరు సారలూ. ఆ రేడియో ఆయన అసలే లేడు.

ఉత్తరం చూసి వెంటనే జవాబు రాయి.

అనసూర్య


గోదావరిఖని
24 మార్చి 1970

అక్కా,

చూశాను. బియ్యం డబ్బా వెనక, ఉత్తరాల కట్టలో ఉంది. నీ చేతిరాతే. ఆ తర్వాత నేను జూన్‌లో ఏం రాశానో కూడా జ్ఞాపకం వచ్చింది.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ముసలాయన ఏదో వాగితే అది నాకెందుకు రాశావు? నువ్వు రాయకపోతే నేను చదివేదాన్నా? పైగా కనిపెట్టి ఉండమని రాసింది నువ్వే. టీచరువు కదా, నీ మాట నేను వేదంలా తీసుకుంటానని నీకు తెలియదా?

నీ మరిదికి చెప్పాను. లేచి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఆ తర్వాత, "పొయ్యిల వెయ్యి ఆ కాయిదం," అన్నాడు.

"వేస్తే కుతుబుద్దీన్ సంగతి?"

"ఆయన పోయిండు. మనం ఇక్కడ ఉండాలె. గిప్పుడు చెప్తె రేపు మన గిన్నెలు రోడ్డు మీద ఉంటయ్. పోశం సంగతి నీకు తెల్వదు. నేను ఆని ఎంబడి రోజు బాయిలకు దిగాలె."

ఇంకో సంగతి. ఆ సున్నం గీతలు దోమల మందు కొట్టడానికి వచ్చినవాళ్ళు గీసినవట. మందు కొట్టిన వారానికి, మేం లేవకముందే వచ్చి, కొట్టించుకున్న ఇళ్ళకు ఆ తేదీ వేసి పోయారు. మందు కొట్టిన రోజు కుతుబుద్దీన్ ఇంటికి తాళం ఉంది, అందుకే గీత లేదు. మందు వాళ్ళు మళ్ళీ వచ్చి చెప్పారు. పోశం విని, "గట్లనే చెప్తరు," అన్నాడు.

ఉత్తరం పొయ్యిలో వేయలేదు. ఏం చేయాలో కూడా తెలియడం లేదు.

సారలమ్మ


హైదరాబాద్
2 ఏప్రిల్ 1970

సారలూ,

నీ కోపం న్యాయమే. కానీ ఆ ఉత్తరంలోనే నవ్వానని రాశాను, సైన్సు టీచరు మాట రాశాను. అవి నువ్వు చదివావు, నీకూ నవ్వొచ్చిందని జవాబు రాశావు. ఏడు నెలలకు ఇద్దరం ఒకేలా మరిచిపోయాం. నువ్వు నీ వాళ్ళ భయం చూసి, నేను నా వాళ్ళ భయం చూసి. నీకంటే నాది ఎక్కువ తప్పు, ఎందుకంటే రోజూ నలభై మంది పిల్లలకు ఆలోచించమని చెప్పేది నేను.

బడిలో నిజం చెప్పాను. హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను ఎగాదిగా చూసి, "మీ చెల్లెల్ని ఎవరో బెదిరించి ఉంటారు, అందుకే మాట మారుస్తోంది," అన్నారు. సైన్సు టీచరు ఒక్కతే నమ్మింది, నమ్మి నాతో మాట్లాడడం మానేసింది. బావ నీ ఉత్తరాలన్నీ తేదీల వారీగా పేర్చి నా ముందు పెట్టి పనికి పోయారు.

నువ్వు చెప్పాలా వద్దా అన్నది దూరాన కూర్చుని నేను చెప్పలేను. మరిది రాయమల్లు భయం ఉత్త భయం కాదు. ఒకటి మాత్రం అనగలను. చెప్పదలుచుకుంటే పదమూడుకు ముందే చెప్పు. పదమూడు దాటి ఏమీ జరగకపోతే అప్పుడు చెప్పడం సులువే, కానీ దానికి విలువుండదు.

అక్క


గోదావరిఖని
16 ఏప్రిల్ 1970

అక్కా,

చెప్పాను. ఎలా జరిగిందో రాస్తాను.

ఉగాది నాడు పంచాంగం విన్నవాళ్ళంతా అయ్యగారిని పట్టుకుని పదమూడో తేదీకి ఏముందని అడిగారు. ఆయన ఏమీ లేదన్నాడు. ఈయన కూడా దాచిపెడుతున్నాడని అనుకుంటూ వచ్చారు.

పదమూడో తేదీ సోమవారం పొద్దున నుంచే సామాన్లు బయట పెట్టడం మొదలైంది. మంచాలు, మూటలు, కోళ్ళ గంపలు. ఎండ మండిపోతుంటే మైదానంలో చీరలు కట్టి నీడ చేసుకున్నారు. రెండో షిఫ్టుకు చాలామంది పోలేదు. నీ మరిది పోతానన్నాడు. "పంపు ఆగితె కింద నీళ్ళు నిండుతయ్. భూమి కదులుడేమో గాని, నీళ్ళు నిండుడు మాత్రం ఖాయం," అన్నాడు. పోయేముందు తలుపు దగ్గర ఆగి, "నువ్వు ఏం చేస్తవో చెయ్యి. నేను వద్దన్న గదా అని మాత్రం అనకు," అన్నాడు. దాన్ని నేను సరేనన్నట్టే తీసుకున్నాను.

నాలుగు గంటలకు మైదానంలో మా లైను వాళ్ళంతా ఒకచోట ఉన్నప్పుడు లేచి నిలబడ్డాను. చేతిలో నీ మే నెల ఉత్తరం, ఫిబ్రవరిది, మార్చిది ఉన్నాయి. కనకవ్వ, "ఏందే, పట్నం ఉత్తరమా? సదువు, సదువు," అంది. చదివాను. తేదీలతో సహా మూడూ చదివాను. తర్వాత, "గీ మాట ముందుగాల నా నోట్లకెల్లే వచ్చింది. కుతుబుద్దీన్ రేడియోల రాలే. నల్ల కాడ ఆయన పేరు చెప్పింది గూడ నేనే," అన్నాను.

అందరూ ఊపిరి పీల్చుకుంటారని, లేకపోతే నన్ను తిడతారని అనుకున్నాను. రెండూ జరగలేదు.

పోశం నా చేతిలోంచి ఉత్తరాలు తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అతనికి చదవడం రాదు. "గీ రాత నీదే అయ్యుంటది. ఎవలు రాయమన్నరు? మంచిర్యాలకెల్లి ఆమె ఏమన్న పంపిందా?" అన్నాడు.

"తపాలా ముద్ర చూడు," అన్నాను.

"ముద్ర ఎవడన్న గుద్దుతడు."

కనకవ్వ వైపు చూశాను. జూన్‌లో నా ముందు కూర్చుని మళ్ళీ చదవమని అడిగింది ఆమే. "నాకు యాదికి లేదు బిడ్డా," అని కోళ్ళ గంప సర్దుకుంది. ఆమెకు యాదికుంది. లేకపోతే ముఖమెందుకు తిప్పుకుంటుంది?

ఒక్క ముసలామె, లింగవ్వ, నా పక్కకొచ్చి కూర్చుంది. "నమ్మితె తన్నినోళ్ళంత తప్పు చేసినట్టు అయితది. గందుకే నమ్మరు," అంది.

తొమ్మిదయింది, పదయింది. ఏమీ కదల్లేదు. తెల్లారి ఎవరి మంచాలు వాళ్ళు మోసుకుని ఇళ్ళకు పోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అంతకుముందు, అర్ధరాత్రికి షిఫ్టు దిగి నీ మరిది తిన్నగా మైదానానికే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు. దారిలోనే ఎవరో చెప్పి ఉంటారు.

సారలమ్మ


హైదరాబాద్
28 ఏప్రిల్ 1970

సారలూ,

నువ్వు లేచి నిలబడ్డావని చదివి ఏడ్చాను. ఇక్కడ కూడా ఏమీ జరగలేదు. మా యజమాని నాగపూరు నుంచి తిరిగొచ్చి, పుకారు పుట్టించి తనను వెళ్ళగొట్టాలని కింది వాటా వాళ్ళు చూశారంటున్నాడు. ఓవర్సీరు గారు చీలికలో సిమెంటు పూసి, తేదీలో కొంచెం తేడా వచ్చి ఉంటుందన్నారు. ఈసారి నేను నవ్వలేదు. "మీ మాట వల్ల ఒక మనిషి దుకాణం పోయింది," అని ఉన్నదంతా చెప్పాను. ఆయన గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. రెండు రోజుల తర్వాత వచ్చి, ఆ మనిషి పేరేమిటమ్మా అని మాత్రం అడిగారు.

మైదానంలో చెప్పింది ఊరికి. వినవలసినవాళ్ళు ఇంకా వినలేదు. మంచిర్యాల పో. గాజులు ఈ ఉత్తరంతో పంపడం లేదు. గాజులతో పోయే పని కాదు ఇది.

అక్క


గోదావరిఖని
7 జూన్ 1970

అక్కా,

పోయిన శనివారం నీ మరిదీ నేనూ మంచిర్యాల పోయాం. మహబూబీ అన్న జహంగీర్‌కు స్టేషన్ దగ్గర సైకిళ్ళ దుకాణం ఉంది. వెనకాల ఒక గదిలో ఉంటున్నారు. కుతుబుద్దీన్ పంక్చర్లు వేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు. "రాండ్రి, కూసోండ్రి," అన్నాడు. మాటలో తేడా లేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

నేను మొత్తం చెప్పాను. ఉత్తరం సంగతి, నల్ల సంగతి. నీ మరిది, "తన్నేటప్పుడు నేను అక్కడ్నే ఉన్న. ఆపలే," అన్నాడు. ఆయన నోట ఆ మాట మొదటిసారి విన్నాను.

కుతుబుద్దీన్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత మహబూబీ వైపు తిరిగి, "నీకు ఎరికేనా?" అన్నాడు.

"ఎరికె," అంది ఆమె. నాతో అంది, "ఆ దినం నీ బిందె ఎనుక మూడో బిందె నాది. నువ్వన్నది విన్న. ఇంటికి పోయి ఈనెకు చెప్పలే. చెప్తె నీ మీదికి వస్తడు, లైన్ల లొల్లి అయితది. రెండు దినాలల్ల నువ్వే వచ్చి, తప్పయింది, నోరు జారిందంటవనుకున్న. ఎదురు సూసిన. సాయంత్రమే వాళ్ళు దుకాన్ మీదికి పోయిన్రు."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. లేపలేదు. తిట్టనూ లేదు. కొంతసేపటికి, "చాయ్ తాగుతరా?" అంది. తాగాం. చక్కెర సరిపోయిందా అని అడిగింది, సరిపోయిందన్నాను.

వచ్చేటప్పుడు నీ మరిది కుతుబుద్దీన్‌ను, తిరిగొచ్చి దుకాణం తెరవమని అడిగాడు. తలుపులు, బల్లలు తనే నిలబెట్టిస్తానన్నాడు. మహబూబీ అంది, "దుకాన్ అక్కడ్నే ఉంది, వస్తం. ఈడ మా అన్న మీద పడి ఎన్ని దినాలుంటం? గానీ నీ పక్కింట్లకు రాను, సారలమ్మా. నీ మీద కోపంతోని గాదు. గోడవతల నువ్వుంటె, ఇంట్ల నేనేం మాట్లాడినా నువ్వు ఇంటున్నవనే అనిపిస్తది."

ఆమె అన్నది నిజమే. అలా విన్నదాన్నే కదా.

వాళ్ళు పదిహేను రోజుల్లో వస్తారట, మార్కెట్ వెనక సందులో ఇల్లు చూసుకున్నారు. నీ మరిది డ్యూటీ దిగాక రోజూ ఆ దుకాణానికి పోయి బల్లలు చెక్కుతున్నాడు. పోశం ఆయనతో మాట్లాడడం లేదు. బాయిలో ఒకే చోట పని, ఒక మాట లేదు. నాకు భయంగా ఉంది. ఆయన మాత్రం పోతూనే ఉన్నాడు.

మా పక్కింట్లోకి నిన్న కొత్తవాళ్ళు దిగారు. చిన్న పిల్ల, పెళ్ళయి ఏడాది కాలేదు, పేరు మల్లక్క. ఊరి నుంచి అప్పుడే వచ్చింది. పొద్దున నల్ల దగ్గర నవ్వుతూ పలకరించింది. "అక్కా, మా ఇంట్ల ఇంతకుముందు ఎవలుండేటోళ్ళు? ఎందుకు పోయిన్రు?" అని అడిగింది.

కనకవ్వ అక్కడే ఉంది. బిందె నింపుతూ నా వైపే చూస్తోంది.

ఏదో ఒకటి చెప్పొచ్చు. బదిలీ అని, ఒంట్లో బాగాలేదని. అయినా ఉన్నదంతా చెప్పాను. వాళ్ళ పేర్లు, ఆయన పని, నేనేమన్నానో, దాని వల్ల ఏమైందో. మల్లక్క ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. "గట్లనా," అంది. బిందె సగమే నిండింది, అట్లాగే ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం చూస్తే మా రెండు ఇళ్ళ మధ్య గోడకున్న చిన్న కిటికీకి మల్లక్క అవతలి వైపు నుంచి గోనెసంచి కడుతోంది.

నీ చెల్లె
సారలమ్మ